రేంజ్ సాఫ్ట్‌వేర్‌ను సైన్యం కొంటుంది, మరి ఉద్యోగం ఎవరిస్తారు?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో బీటెక్ సీఎస్ఈ మూడో ఏడాది చదువుతోంది. సైబర్ శిక్షణ కోసం సైన్యం సాఫ్ట్‌వేర్ కొంటోందని, ‘సైబర్ రేంజ్’ కోర్సు చేస్తే రక్షణ శాఖలో ఉద్యోగం ఖాయమని ఒక శిక్షణ సంస్థ వారు చెప్పారు. ఫీజు రూ.1.80 లక్షలు. బంగారం తాకట్టు పెట్టి చేర్పించాలనుకుంటున్నాను. ఈ కోర్సు మేలా, గేట్ మేలా? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ముందుగా తాకట్టు ఆలోచన మానుకోండి. ప్లేస్‌మెంట్లు తగ్గాయన్న మాట విన్నప్పటి నుంచి మన రెండు ఊళ్ల తల్లిదండ్రులూ కోర్సు పేరు మార్చి ఇదే ప్రశ్న అడుగుతున్నారు. అమ్మాయికి నికరమైన ఉద్యోగం దొరుకుతుందా అన్న బెంగ మీ ఉత్తరం నిండా కనిపిస్తోంది, దానికే జవాబు చెబుతాను.

సైబర్ రేంజ్ అంటే దాడినీ రక్షణనూ సాధన చేసే నకిలీ నెట్‌వర్క్. ఒక్క ఆదేశంతో పదుల కొద్దీ వర్చువల్ యంత్రాలు (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించే కంప్యూటర్లు) లేచి ఒక స్థావరపు నెట్‌వర్క్‌లా నిలబడాలి. అక్కడ లేని ఉద్యోగులు ఈమెయిళ్లు పంపుకుంటున్నట్లు కృత్రిమ ట్రాఫిక్ నడవాలి, లేకపోతే దాడి చేసేవారి ప్రతి అడుగూ ఇట్టే పట్టుబడి సాధనకు విలువ ఉండదు. రెడ్ టీం దాడి చేస్తుంది, బ్లూ టీం కాచుకుంటుంది, వైట్ టీం మార్కులు వేస్తుంది, అభ్యాసం ముగిశాక యంత్రాలన్నీ మొదటి స్థితికి వస్తాయి.

దీన్ని ప్రభుత్వం కొనే తీరు తెలిస్తే ఆ సంస్థ మాటలోని లొసుగు మీకే అర్థమవుతుంది. ముందు సమాచారం కోరుతూ ఆర్ఎఫ్ఐ, తర్వాత ప్రతిపాదనలు కోరుతూ ఆర్ఎఫ్‌పీ, సాంకేతిక పరిశీలన, ట్రయల్స్, చివరికి ధరల బిడ్లు. ఈ దారిలో పోటీపడేది కంపెనీలు. 2020 నాటి రక్షణ కొనుగోళ్ల విధానంలో మొదటి ప్రాధాన్యం పొందే స్వదేశీ రూపకల్పన వర్గానికి కనీసం 50 శాతం దేశీయ వాటా ఉండాలి. రక్షణ ఆవిష్కరణల కోసం 2018లో మొదలైన ఐడెక్స్ పథకం ద్వారా స్టార్టప్‌లకూ గ్రాంట్లు అందుతున్నాయి. అమెరికాలో సైబర్ పోరును చూసే సైనిక విభాగం సైబర్ కమాండ్ వాడే శిక్షణ వేదికను అక్కడి ఆర్మీ సమకూరుస్తోంది. దాని భాగాలను పోటీలు పెట్టి చిన్న కంపెనీల నుంచి తీసుకుని, 2022లో అనుసంధాన బాధ్యతను కోల్ ఇంజినీరింగ్ సర్వీసెస్ అనే కంపెనీకి అప్పగించారు. ఎక్కడైనా ఉద్యోగాలు పుట్టేది ఆ కంపెనీల్లోనే. రేంజ్‌పై కూర్చుని సాధన చేసేది మాత్రం అప్పటికే యూనిఫాంలో ఉన్నవారు. 2019లో ఏర్పడిన మన డిఫెన్స్ సైబర్ ఏజెన్సీ కూడా త్రివిధ దళాల ఉమ్మడి సంస్థే. ఆర్టీవో డ్రైవింగ్ ట్రాక్ కట్టించినంత మాత్రాన ఊళ్లో డ్రైవర్ ఉద్యోగాలు పెరగవు కదా.

ఈ కోర్సుల మీద నాకున్న సందేహం ఇంకా లోతైనది. రేంజ్ కట్టే కంపెనీకి లినక్స్, నెట్‌వర్కింగ్, వర్చువలైజేషన్, పైథాన్ బాగా వచ్చినవారు కావాలి. ఇంటర్నెట్ తగలని గదిలో సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేసి నడిపించగలగాలి, అక్కడ లోపాన్ని గూగుల్‌లో వెతికే వీలుండదు. ఎవరో సిద్ధం చేసిన తెరపై బటన్లు నొక్కడం నేర్పే కోర్సు ఈ పనికి సరిపోదు. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో వర్చువల్ యంత్రాలను నడిపే వర్చువల్‌బాక్స్ వేసి, దాడి సాధనాలుండే కాలీ లినక్స్‌తో ఒక యంత్రం, కావాలనే లోపాలతో తయారుచేసిన మెటాస్ప్లాయిటబుల్‌తో ఇంకొకటి, ఆ రెండింటినీ గమనించే వాజూతో మూడోది నిలబెట్టమనండి. మూడూ ఉచితమే.

ఒక మాట కటువుగానే చెప్పాలి. ఫీజు ఎంతో రాశారు, బంగారం సంగతి రాశారు, అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. ఇరవై ఏళ్ల పిల్ల జీవితానికి సంబంధించిన నిర్ణయాన్ని కోర్సు అమ్మేవారితో మాట్లాడి ఖాయం చేసి, ఆ పిల్లను ఆఖరున అడగడం తండ్రి చేయదగిన పని కాదు.

ఇక పోలిక. ప్రభుత్వోద్యోగమే కావాలంటే గేట్ మేలు. డీఆర్‌డీవో సైంటిస్ట్ పోస్టులకూ, ఎంటెక్‌కూ ఆ స్కోరు పనికొస్తుంది. రక్షణ ఎలక్ట్రానిక్స్ తయారుచేసే ప్రభుత్వ సంస్థ బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) సొంతంగా పరీక్ష పెడుతుంది. మనకు దగ్గరలోని మచిలీపట్నం బెల్ యూనిట్‌లో ప్రధానంగా ఆప్టిక్స్ పని జరుగుతుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ కోసం బెంగళూరు వెళ్లడానికి ఆమె సిద్ధపడాలి. గేట్ రాకపోయినా దిగులు పడకండి. పై ల్యాబ్‌ను సొంతంగా నిలబెట్టిన అమ్మాయిని బ్యాంకులు, ఐటీ కంపెనీల భద్రతా విభాగాలు పిలిచి మాట్లాడతాయి, మామూలు సీఎస్ఈ డిగ్రీ అందుకు ఏమాత్రం తక్కువ కాదు. వచ్చే సెమిస్టర్ సెలవుల్లో ఆ మూడు యంత్రాలు నిలబెట్టి, ఎక్కడ ఆగిపోయిందో ఆమెనే నాకు రాయమనండి.