సీనియర్‌కి ముందు పని చెప్పు

అల్లుడూ,

నీ ఉత్తరం అందింది. పోయిన సీజన్‌లో పట్టికలో అట్టడుగున ఉన్న ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) జట్టుకి అసిస్టెంట్ కోచ్‌గా వెళ్తున్నావన్నమాట. శుభాకాంక్షలు మీ అత్తయ్య ఫోన్లో చెబుతుందిలే, నేను నేరుగా విషయంలోకి వస్తాను. "ముప్పై దాటినవాళ్లు ముగ్గురున్నారు మామయ్యా, కుర్రాళ్ల సంగతి వాళ్లే చూసుకుంటారు" అని రాశావు చూడు, అక్కడే నాకు బెంగ పట్టుకుంది. ఫలానా పని నీదని చెప్పకపోతే సీనియర్ ఎవరి సంగతీ చూసుకోడు. తన మోకాళ్లు, తన నిమిషాలు, వచ్చే ఏటి కాంట్రాక్టు చూసుకుంటాడు. అతని బతుకుతెరువది, తప్పు పట్టకు.

మాంటీ విలియమ్స్ సంగతి గుర్తు తెచ్చుకో. ఫీనిక్స్ సన్స్ 2018-19లో 19 గెలిచి 63 ఓడింది. ఆయన హెడ్ కోచ్‌గా వచ్చిన మొదటి సీజన్ 34-39. 2020 నవంబరులో 35 ఏళ్ల క్రిస్ పాల్‌ని తెచ్చారు, ఆ సీజన్ 51-21, ఏకంగా ఫైనల్స్. అదే విలియమ్స్ 2023లో డెట్రాయిట్ పిస్టన్స్‌కి వెళ్తే 14-68, మధ్యలో వరసగా 28 ఓటములు. కోచ్ మారలేదు కదా. సీనియర్లు లేరా అంటే, ఉన్నారు. కానీ బోయాన్ బోగ్డనోవిచ్, మాంటే మోరిస్ గాయాలతో సీజన్ మొదట్లో బెంచి వెనక కూర్చున్నారు. మరుసటి ఏడు జె.బి. బికర్‌స్టాఫ్ కోచ్‌గా వచ్చాడు. టోబయస్ హారిస్, టిమ్ హార్డవే జూనియర్ వచ్చి రోజూ మొదటి అయిదుగురిలో ఆడారు. జట్టు 44-38. వాళ్ల కుర్ర గార్డ్ కేడ్ కనింగ్‌హామ్ ఆట పదునెక్కడం కూడా అందులో ఉంది, కాదనను. కానీ పెద్దవాళ్లు ఫ్లోర్ మీద కుర్రాళ్ల పక్కనే ఉన్నారన్నది గమనించు.

ఫిలడెల్ఫియా చేసింది ఇంకో రకం పొరపాటు. 2015-16లో మొదటి 18 మ్యాచులూ ఓడి, జనవరిలో 36 ఏళ్ల ఎల్టన్ బ్రాండ్‌ని పిలిచింది. ఆయన ఆడింది 17 మ్యాచులు, జట్టు ముగించింది 10-72. మనిషిలో లోపం లేదు, తర్వాత అదే జట్టుకి జనరల్ మేనేజర్ అయ్యాడు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వమన్నారంతే.

అందుకని సెప్టెంబరు చివర క్యాంప్ మొదలయ్యేలోపే ముగ్గురితోనూ విడివిడిగా మాట్లాడు. అంతకంటే ముందు హెడ్ కోచ్‌తో కూర్చుని లెక్క తేల్చుకో. నువ్వొక మాట, ఆయనొక మాట చెబితే ఇన్నేళ్లు లీగ్‌లో ఉన్నవాడు ఇట్టే పసిగడతాడు. చెప్పాల్సినవి మూడే. రాత్రికి ఎన్ని నిమిషాలు: 14 నుంచి 18 అని అంకెలో చెప్పు, "పరిస్థితిని బట్టి" అనకు. ఎవరితో కలిసి ఫ్లోర్ మీద ఉంటాడు. ఏ కుర్రాడి బాధ్యత అతనిది, అదీ ఒక్కడిదే. ఇద్దర్ని అప్పగిస్తే ఇద్దర్నీ వదిలేస్తాడు. "కుర్రాళ్లకి ఆదర్శంగా ఉండు" అనేది పని కాదు, సన్మాన సభలో మాట. షూట్‌అరౌండ్‌కి (మ్యాచ్ రోజు పొద్దుటి తేలికపాటి సాధన) అరగంట ముందు ఫలానా రూకీతో (మొదటి ఏటి కుర్రాడు) ఇరవై పిక్ అండ్ రోల్‌లు (ఒకడు అడ్డం నిలిచి, ఆ వెంటనే బుట్ట వైపు దూసుకెళ్లే ఎత్తు), ఎడమ పక్క పది, కుడి పక్క పది, అయ్యాక ఇద్దరూ కలిసి నాలుగు క్లిప్పులు చూడటం, ఇది పని.

ఆడించని రోజు ఆ సంగతి పొద్దున షూట్‌అరౌండ్‌లోనే చెప్పేయి. సాయంత్రం లాకర్ రూమ్ బోర్డు చూసి తెలుసుకున్నాడంటే ఆ రాత్రి అతని నోట్లోంచి కుర్రాళ్లకి ఒక్క మంచి మాట రాదు.

అస్సలు ఆడనివాడిని పెద్దరికం కోసమే పెట్టుకోవచ్చా అని నువ్వు అడుగుతావు. మయామీ హీట్‌లో ఉడోనిస్ హాస్లెమ్ అలా ఉన్నాడు. మొత్తం 20 సీజన్లు, చివరి ఏళ్లలో ఆట నామమాత్రం. 2020-21లో ఆడింది ఒక్క మ్యాచ్, అదీ మూడు నిమిషాల లోపే. అక్కడ చెల్లిందంటే, ఆయన వెనక మూడు టైటిళ్లున్నాయి, పైగా అది గెలుపు అలవాటున్న జట్టు. నీ జట్టులో డిసెంబరు దాటాక బెంచి మీంచి వచ్చే మాట ఎవరి చెవికీ ఎక్కదు. చెమటోడ్చి ఓడినవాడి మాటే కుర్రాళ్లు వింటారు. కనీసం ఒక సీనియర్‌ని రోజూ ఆడేవాడిగా చూసుకో. మిగతా ఇద్దరూ కొసరు.

ఇక ఫిల్మ్, అంటే ఆడిన మ్యాచ్ వీడియో చూసి తప్పులు దిద్దుకోవడం. ఓడే జట్లలో ఫిల్మ్ గంటసేపు నడుస్తుంది, అందులో ముప్పావు వంతు తిట్లు. పన్నెండు నిమిషాలు, పదిహేను క్లిప్పులు, అంతకు మించకు. మొదటి క్లిప్పు సీనియర్ చేసిన తప్పే కావాలి. ముందు రాత్రి అతనికి పంపి, "రేపు దీంతో మొదలుపెడతాను, ఏమైందో నువ్వే చెప్పు" అని అడుగు. అతను లేచి "నేను వెనక్కి పరిగెత్తలేదు, లే-అప్ ఇచ్చేశాను" అన్నాక, తర్వాతి క్లిప్పులో ఉన్న ఇరవై ఏళ్లవాడు సాకులు వెతకడు. చెప్పాపెట్టకుండా చూపిస్తే మాత్రం అది అవమానం, ఆ మనిషిని నువ్వు సీజనంతా పోగొట్టుకున్నట్టే.

తప్పులన్నీ ఒకేసారి దిద్దాలని చూడకు. ఒక్కటి పట్టుకో, నా మాట వింటే డిఫెన్స్‌లో నోరు తెరవడం పట్టుకో. కుర్ర జట్లు మౌనంగా ఆడతాయి. ఎదుటి పాయింట్ గార్డ్ వింగ్‌లో (కోర్టు పక్క వైపు) బంతితో ఉన్నాడనుకో. వాళ్ల సెంటర్ స్క్రీన్ పెట్టడానికి, అంటే మనవాడి దారికి అడ్డంగా నిలబడటానికి, కదిలాడు. అది మొదట కనపడేది మన సెంటర్‌కి. బంతి మీదున్న మనవాడికి వీపు వెనక సంగతి తెలియదు. "స్క్రీన్ ఎడమ, డ్రాప్" అనే కేక స్క్రీన్ తగలక ముందే, కనీసం రెండడుగుల దూరం ఉండగానే వినపడాలి. తగిలాక అరిస్తే మనవాడు అప్పటికే స్క్రీన్‌లో చిక్కుకుని ఉంటాడు. కేక వేళకి పడితే అతను స్క్రీన్ పైనుంచి దూరి వెంటాడతాడు, సెంటర్ పెయింట్ (బుట్ట ముందు రంగు వేసిన చోటు) అంచుకి తగ్గుతాడు, డ్రాప్ అంటే అదే. ఇప్పుడు రిమ్ (బుట్ట) వైపు దూసుకొచ్చే వాళ్ల సెంటర్‌ని అడ్డుకోవాల్సింది అవతలి కార్నర్‌ని కాస్తున్న మనవాడు, అంటే లో మ్యాన్. ఒక కాలు పెయింట్‌లో పెట్టి ఛాతీ చూపించాలి, మళ్లీ బయటికి రావాలి. ఎవరికీ దగ్గరగా లేకుండా మూడు సెకన్లు అక్కడే నిలబడ్డాడా, టెక్నికల్ ఫౌల్, ఎదుటివాళ్లకి ఒక ఫ్రీ త్రో.

అసలు ఓటమి ఇక్కడే ఉంది. కుర్రాడు లో మ్యాన్‌గా ఉంటే తన మనిషినే చూస్తూ అర సెకను ఆలస్యంగా వస్తాడు, డంక్ పడుతుంది. తిట్టాక తర్వాతిసారి ముందే వచ్చి అక్కడే పాతుకుపోతాడు, బంతి కార్నర్‌కి వెళ్తుంది. కార్నర్ త్రీ, అంటే మూల నుంచి వేసే మూడు పాయింట్ల షాట్, దూరం 22 అడుగులే, పైనుంచి అయితే 23 అడుగుల 9 అంగుళాలు. ఆ షాట్ ఖాళీగా ఇచ్చిన జట్టు గెలవదు. అందుకే ప్రాక్టీసులో మొదటి రెండు వారాలు సీనియర్‌ని లో మ్యాన్ చోట నిలబెట్టు, నువ్వు తీర్చిదిద్దాల్సిన కుర్రాణ్ని అదే పక్క వింగ్‌లో పెట్టు. పెద్దాయన ఎప్పుడు కదులుతున్నాడో, కదిలేటప్పుడు ఏమంటున్నాడో ఆ చెవికి పడాలి. "నేను వెళ్తున్నా, కార్నర్ నీదే" అనే మాట నువ్వు వంద సార్లు చెప్పినా రాదు, పక్కనుంచి పది సార్లు వింటే వస్తుంది. మూడో వారం చోట్లు మార్చు. నలుగురి మీద నలుగుర్ని ఆడించి, కేక వినపడని పొజెషన్‌కి (బంతి ఒక జట్టు చేతిలో ఉన్న ఒక్కో వంతు) బాస్కెట్ పడ్డా పడకపోయినా రెండు పాయింట్లు ఎదుటివాళ్లకి ఇచ్చేయి.

సీజన్ మొదలయ్యాక ఇంత తీరిక దొరకదు. అక్టోబరు చివర్నుంచి ఏప్రిల్ మధ్య దాకా 82 మ్యాచులు, అందులో వరస రోజుల జతలు. అసలు ప్రాక్టీసులు వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. హోటల్ హాల్లో తివాచీ మీద టేపు అంటించి చెప్పులతో నడుచుకుంటూ నేర్పేదే ఎక్కువ. మోకాళ్లు నొప్పి ఉన్న సీనియర్‌కి పరుగు మానిపించు, హాలుకి రావడం మానిపించకు.

మ్యాచులో జారిపోయేది ఎక్కడో నీకూ తెలుసు. రెండు నిమిషాల్లో ఎదుటివాళ్లు పది, మనం సున్నా. సాధారణంగా అప్పుడు ఫ్లోర్ మీద అయిదుగురూ పాతికేళ్లలోపు వాళ్లే ఉంటారు. బెంచి వాళ్లు ఆడే వేళ కనీసం ఒక సీనియర్ బంతి పట్టుకునేలా రొటేషన్ (ఎవరు ఎప్పుడు దిగాలన్నది) రాసుకో. ఎదుటివాళ్లు అలా వరసగా పాయింట్లు కొట్టడం మొదలవగానే టైమౌట్ తీసేసుకోకు. మ్యాచుకి మొత్తం ఏడే, నాలుగో క్వార్టర్‌కి నాలుగు దాటి మిగల్చుకోలేవు. ప్రతి క్వార్టర్లో 7 నిమిషాలు, 3 నిమిషాలు మిగిలిన దాపుల్లో తప్పనిసరి విరామం ఎలాగూ వస్తుంది. గడియారం 7:20 చూపిస్తుంటే ఒక్క పొజెషన్ ఓపిక పట్టవచ్చు. ఆ పొజెషన్‌లో షాట్ కంటే ముఖ్యం, సీనియర్ బంతి తీసుకుని 24 సెకన్లలో చాలా భాగం వాడి, ఆటని నెమ్మది చేయడం. ఇదీ క్యాంప్‌లోనే అతనితో ఒప్పందంగా చేసుకో. ఏ సైగకి నెమ్మదించాలో కూడా.

టైమౌట్ 75 సెకన్లు. కోచ్‌లు పక్కకి వెళ్లి మాట్లాడుకునే మొదటి ఇరవై సెకన్లు ఆటగాళ్లవి, అంటే సీనియర్‌వి. నువ్వు తలదూర్చకు. కానీ ఆఖరి అయిదు నిమిషాల్లో బంతి మాత్రం జట్టు భవిష్యత్తు అనుకుంటున్న కుర్రాడి చేతిలోనే ఉండాలి. సీనియర్ లాక్కుంటే ఆ రాత్రి ఒక మ్యాచ్ గెలవచ్చు, కుర్రాడు మాత్రం మూల నిలబడటం నేర్చుకుంటాడు.

వరస ఓటములు పడతాయి, పడకుండా ఆపలేవు. అప్పుడు చూడాల్సిన జబ్బు ఒకటుంది: షాట్ పోయిన కుర్రాడు అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అవతలి కొసన తన మనిషిని వదిలేస్తాడు. అందుకే గోడ మీద పాయింట్ల పట్టిక వద్దు. వెనక్కి పరిగెత్తినవి ఎన్ని, బాక్సౌట్ (తిరిగొచ్చే బంతి కోసం ఎదుటివాణ్ని వీపుతో ఆపడం) చేసినవి ఎన్ని, చేత్తో తాకి చెడగొట్టిన పాసులు ఎన్ని, ఇవి రాయి. అయిదేసి మ్యాచులకి చెరిపి మళ్లీ మొదలుపెట్టు. డ్రాఫ్ట్ లాటరీ (కొత్త ఆటగాళ్లని ఏ జట్టు ముందు ఎంచుకోవాలో తేల్చే చీటీ) మాట మాత్రం లాకర్ రూమ్ గడప దాటనివ్వకు. 2024లో అడుగున ఉన్న మూడు జట్లకీ మొదటి పిక్ అవకాశం 14 శాతం చొప్పునే. 14-68తో ముగిసిన డెట్రాయిట్‌కి దక్కింది అయిదో పిక్. పైగా తన చోటు తీసుకోబోయే వాడి కోసం ఓడమంటే ఏ ఆటగాడు ఒప్పుకుంటాడు?

ఫిబ్రవరిలో ట్రేడ్ గడువుకి నీ సీనియర్ పోవచ్చు. 2024లో బోగ్డనోవిచ్, అలెక్ బర్క్స్ ఇద్దర్నీ డెట్రాయిట్ న్యూయార్క్‌కి పంపేసింది. ఉండిపోయినవాడు బయౌట్ (కొంత డబ్బు వదులుకుని కాంట్రాక్టు తెంచుకోవడం) అడగవచ్చు, మార్చి 1లోపు విడిపించుకుంటేనే వేరే జట్టు తరఫున ప్లేఆఫ్స్ ఆడగలడు మరి. అలిగి అడ్డుపడకు, అది జనరల్ మేనేజర్ తేల్చాల్సింది. నువ్వు చేయాల్సిందల్లా జనవరి నుంచే ఆ కేకలు రెండో మనిషి నోట కూడా పలికించడం. లో మ్యాన్ చోట ఎవరున్నా మాట ఆగకూడదు.

నువ్వు రాసిన ముగ్గురిలో రోజూ ఆడగలిగేది ఆ 33 ఏళ్ల ఫార్వర్డ్ ఒక్కడే అనిపిస్తోంది. ఈ ఆదివారం హెడ్ కోచ్‌ని కలువు, సోమవారం అతనికి ఫోన్ చెయ్యి. నిమిషాల అంకె ముందు చెప్పు. రూకీ పేరు ఆ తర్వాత.

మీ మామయ్య