అవతలివాళ్లు పెట్టేసినా లైన్ వదలడం లేదు

ప్రశ్న: మా ఆఫీసులో నాలుగు ల్యాండ్‌లైన్లు ఉన్నాయి. కొత్తగా ఐపీ పీబీఎక్స్ (ఆఫీసు ఫోన్లను కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిపే వ్యవస్థ) పెట్టుకుని, ఈ లైన్లను నాలుగు పోర్టుల ఎఫ్‌ఎక్స్‌ఓ గేట్‌వేకి (ల్యాండ్‌లైన్లను పీబీఎక్స్‌తో కలిపే పెట్టె) కలిపాం. కాల్స్ వస్తున్నాయి, వెళ్తున్నాయి. కానీ అవతలివాళ్లు పెట్టేసినా లైన్ బిజీగానే ఉండిపోతోంది. గేట్‌వే ఆపి ఆన్ చేస్తేనే దారికొస్తుంది. ఫోన్ చేసినవాళ్ల నంబరూ కనబడదు. గేట్‌వే మార్చేయమంటారా?

జవాబు: వద్దండీ. మాట వినిపిస్తోందంటే పోర్టులు బాగానే ఉన్నట్టు. ముందు కాల్ లాగ్ తీసి, ఇరుక్కున్న కాల్స్‌ని ఎవరు ఎత్తారో చూడండి. ‘సేల్స్ కోసం ఒకటి నొక్కండి’ అనే రికార్డో, వాయిస్ మెయిలో ఎత్తినవే ఎక్కువ ఉంటాయని నా అనుమానం. మనిషి ఎత్తితే తనే పెట్టేస్తాడు, గేట్‌వే లైన్ వదిలేస్తుంది. రికార్డుకి ఆ తెలివి లేదు. అవతల ఎవరూ లేకపోయినా చెప్పుకుంటూ పోతుంది.

కాల్ అయిపోయిందని టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి చెప్పే పద్ధతుల్లో ముందు చూడాల్సినవి రెండు. ఒకటి, తీగల్లో ప్లస్, మైనస్ తారుమారు కావడం, అంటే పొలారిటీ రివర్సల్. రెండోది బిజీ టోన్. మీ లైన్‌లో ఏది వస్తుందో తెలియాలంటే మామూలు ఫోన్ ఒకటి తగిలించి, మల్టీమీటర్‌ని డీసీలో పెట్టి లైన్ మీద ఉంచండి. ఫోన్ పెట్టి ఉన్నప్పుడు సుమారు 48 వోల్టులు, ఎత్తగానే పదికి అటూ ఇటూ చూపిస్తుంది. మీ సెల్‌కి ఫోన్ చేసి, ఎత్తి, సెల్ వైపు నుంచే కట్ చేయండి. కట్ అవగానే మీటర్‌లో ప్లస్, మైనస్ గుర్తు మారితే గేట్‌వేలో పొలారిటీ రివర్సల్ ఆన్ చేస్తే చాలు. తీగల్ని మాత్రం చేత్తో ముట్టుకోకండి. రింగ్ వచ్చినప్పుడు 90 వోల్టుల దాకా ఏసీ ఉంటుంది, గట్టిగానే కొడుతుంది.

గుర్తు మారకపోతే టోనే దిక్కు. అసలు చిక్కు కూడా ఇక్కడే. గేట్‌వేలు చాలావరకు వేరే దేశపు సెట్టింగుతో వస్తాయి, మీ టోన్ వాటికి టోన్‌లా అనిపించదు. కట్ అయ్యాక వినబడే ఆ కూతను రికార్డు చేసి, ఫ్రీక్వెన్సీ ఎంత, ఎన్ని మిల్లీసెకన్లు మోగి ఎన్ని ఆగుతోందో ఆడియో సాఫ్ట్‌వేర్‌లో కొలిచి, అవే అంకెలు గేట్‌వేలో వేయండి. ఒకటి రెండు కూతలకే కట్ చేయమనకండి, మాట్లాడుతుండగానే తెగిపోతుంది. నేనైతే నాలుగు పెడతాను. కొంతమంది ‘నిశ్శబ్దంగా ఉంటే కట్’ ఆప్షన్‌తో సరిపెడతారు. ఫైలు వెతకడానికి కాసేపు ఆగినవాడి కాల్ కూడా పోతుంది కాబట్టి నాకది నచ్చదు.

నంబర్ సంగతి తేలికే. కొన్ని ఎక్స్‌ఛేంజీలు దాన్ని మొదటి, రెండో రింగుల మధ్య పంపుతాయి, కొన్ని మొదటి రింగుకు ముందే పంపుతాయి. గేట్‌వే మొదటి రింగుకే ఎత్తేస్తుంటే రెండో రింగు తర్వాత ఎత్తమనండి. అప్పటికీ రాకపోతే గేట్‌వేలో కాలర్ ఐడీ రకాన్ని ఎఫ్‌ఎస్‌కే నుంచి డీటీఎంఎఫ్‌కి (ఇవి లైన్ మీద నంబరు పంపే రెండు పద్ధతులు) మార్చి చూడండి. అంతకన్నా ముందు, ఆ సర్వీసు మీ లైన్లకు ఉందో లేదో టెలిఫోన్ కంపెనీని అడగండి.