ట్వికెన్‌హామ్ ఇంటి మీద రాస్తున్న అమ్మాయికి

అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. కవి అలెగ్జాండర్ పోప్ ఇంటిని కూల్చేయడం గురించీ, ఆ కూల్చివేతను ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ బొమ్మగా గీయడం గురించీ రాశావు. విషయం నాకు చాలా నచ్చింది. కానీ మొదటి పేజీలోనే ‘ఘోరం’, ‘హృదయవిదారకం’ అంటూ మొదలుపెట్టావు. చదివేవాళ్లు ఇంకా గడప కూడా తొక్కలేదు, నువ్వు అప్పుడే కన్నీళ్లు పెట్టుకున్నావు.

ముందు వాళ్లకి ఆ ఇల్లు చూపించు. పోప్ కాథలిక్కు. లండన్‌కు పది మైళ్ల లోపు కాథలిక్కులు కాపురం ఉండకూడదని ఆనాటి చట్టం. 1719లో, అప్పట్లో లండన్‌కు బయట ఉన్న ట్వికెన్‌హామ్ చేరి, గ్రీకు కవి హోమర్ ‘ఇలియడ్’ను ఇంగ్లీషులోకి తెచ్చి సంపాదించిన డబ్బుతో థేమ్స్ ఒడ్డున విల్లా కట్టుకున్నాడు. అనువాదం చేసి ఇల్లు కట్టిన కవి! ఈ సంగతి నీ వ్యాసంలో లేనే లేదు.

ఇల్లు నది వైపు, తోట రోడ్డుకి అవతల. అందుకని రోడ్డు కింద సొరంగం తవ్వించి, దాన్ని గుహలా తీర్చిదిద్దాడు. లోపల గవ్వలు, మధ్యమధ్య అద్దం ముక్కలు. తలుపులు మూస్తే చాలు, బయటి నది, కొండలు, చెట్లు, పోయే పడవలు గోడల మీద కదిలే బొమ్మలా కనిపించేవని 1725లో ఒక స్నేహితుడికి రాశాడు. చిన్న కంతలోంచి వచ్చే వెలుగు చేసే పని అది. టర్నర్ పుట్టడానికి యాభై ఏళ్ల ముందే ఆ ఇల్లు తన ఎదుటి నదిని తన గోడల మీద గీసుకుంది. నువ్వేమో ‘అందమైన గుహ’ అని రెండు మాటల్లో దాటేశావు. ఇంకెక్కడ తొందరపడినా పర్లేదు గానీ ఇక్కడ మాత్రం ఒక పేజీ ఆగు.

ఇక బారనెస్ హౌ. 1807లో ఆస్తి కొని, కవి ఇల్లు చూడాలని వచ్చే జనం పోరు పడలేక ఇల్లు పడగొట్టించింది. నువ్వు ఆవిడని రాక్షసిని చేశావు. కానీ 1744లో పోప్ పోయాక ఆ ఇల్లు తీసుకున్న సర్ విలియం స్టాన్‌హోప్ దానికి రెండు పక్కలా గదులు కలిపి పెంచాడు. హౌ కూల్చినది పోప్ కట్టుకున్నట్టే మిగిలిన ఇల్లు కాదు. ఇది రాస్తే నీ బాధ తగ్గదు, దాని మీద నమ్మకం కుదురుతుంది.

టర్నర్‌కీ కోపం వచ్చింది. కూల్చివేత మీద పద్యాలు కూడా రాసుకున్నాడు. వాటిని ఇవాళ పరిశోధకులు తప్ప ఎవరూ చదవరు. 1808లో తన సొంత గ్యాలరీలో పెట్టిన చిత్రం మాత్రం నిలబడింది. అందులో ఇల్లు ఎక్కడుందో మళ్లీ చూడు. నదికి అవతల, సాయంత్రపు వెలుతురులో, చిన్నగా, సగం ఊడదీసి. ముందువైపు నేలకొరిగిన చెట్టు మొద్దు, గొర్రెలు, కబుర్లలో పడ్డ పల్లెజనం. ఎవరూ ఏడవడం లేదు. శామ్యూల్ స్కాట్ అనే చిత్రకారుడు దాదాపు యాభై ఏళ్ల ముందు అదే ఇంటిని నిండుగా, చక్కగా గీశాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, ఇంటిని వెనక్కి జరపడంలో టర్నర్ ఎంత ఆలోచించాడో తెలుస్తుంది. నీ వ్యాసంలో కూడా కూల్చివేతను అలాగే వెనక్కి జరుపు.

గుహ ఇప్పటికీ ఆ రోడ్డు కిందే ఉంది. నువ్వు ఉండేది లండనే కాబట్టి, ఎప్పుడు తెరుస్తారో కనుక్కుని వెళ్లు. కెమెరా బ్యాగులోనే ఉంచు, నోట్‌బుక్ తీసుకెళ్లు. చూసొచ్చాక ముందు ఆ పేజీ ఒక్కటే రాసి పంపు. మిగతా వ్యాసం సంగతి తర్వాత మాట్లాడుకుందాం.