షెడ్డు కట్టే ముందు నా మాట విను తల్లీ

తల్లీ,

చంద్రగిరి కాడ, ఇబ్బందులున్న బిడ్డలకి గుర్రపు స్వారీతో థెరపీ ఇచ్చే నీ సెంటర్‌కి పెద్ద ఇండోర్ షెడ్డు వేస్తా ఉండావని మీ యమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషం పట్టలేక వీధిలో అందరికీ చెప్పుకున్నా, రాత్రి మాత్రం నిద్ర పట్టలా. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో లిస్ హార్టెల్ అనే ఆమె, పోలియోతో మోకాళ్ల కింద చచ్చుబడినా, డ్రెస్సేజ్‌లో, అదే గుర్రాన్ని పద్ధతిగా అడుగులేయించే పోటీలో, వెండి పతకం కొట్టిందని నాకు చెప్పింది నువ్వే కదా. గుర్రాలతో బతికిన నాకు తెలియంది చిన్నపిల్లవి నువ్వు చెప్తే అప్పుడే అనుకున్నా, ఇది ఏదో చేస్తాదని.

కొలత 20 మీటర్లకి 40 మీటర్లు చాలు. 2021 నవంబర్‌లో స్వర్ణముఖి పొంగింది చూసినావు కదా, నేల బాగా ఎత్తు లేపు. ఇసక గట్టి బేసు మీద రెండు మూడు అంగుళాలే పోయించు, జాస్తి అయితే గుర్రం కాళ్ల నరాలు పట్టేస్తాయి. రోజూ నీళ్లు చల్లించు.

నా భయమంతా పైకప్పు మీదనే.

బెంగుళూరు పక్కన నేను పని చేసిన ఒక రైడింగ్ స్కూల్లో, పేరొద్దులే, ఓనరు రేకుల షెడ్డు వేసినాడు. రేకు మీద వాన చప్పుడుకి గుర్రాలు అలవాటు పడేదాకా పిల్లల్ని ఎక్కించొద్దని పెద్ద సాయిస్, అంటే గుర్రాలు చూసుకునే ఆయన, మొత్తుకున్నా వినలా, ఫీజులు పోతాయని. ఒక మధ్యాన్నం లావు చినుకులు మొదలైనాయి. రాణి అని ముసలి గుర్రం, దానంత నెమ్మదిది ఆ లాయంలో లేదు, తాడు నా చేతిలోనే ఉంది. చెవులు అటూ ఇటూ తిరిగినాయి, మెడ రాయిలా బిగిసింది, నేను ఊరుకో ఊరుకో అంటా ఉంటే నా గొంతు నాకే వినపడలా. పైన ఉన్నోడు ఆటిజం బిడ్డ, మిక్సీ చప్పుడుకే ఏడ్చేవాడు, చెవులు మూసుకుని వెనక్కి ఒరిగిపోయినాడు. పక్కన నడిచే ఇద్దరూ నడుం పట్టుకున్నారు కాబట్టి దెబ్బ తగల్లా. కానీ అంతకు ముందు రాగానే రాణి మెడకి చెంప ఆనించే బిడ్డ, ఆ తర్వాత గేటు కాడే చెప్పులు తన్నేసి నేల మీద కూర్చుండేవాడు, కొన్నాళ్లకి వాళ్లమ్మ తీసుకురావడమే మానేసింది. ఆ ఓనరు మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

అందుకని రేకు కింద మందంగా ఇన్సులేషన్ వేయించు, చప్పుడూ తగ్గుతాది, మన మే నెల సెగా తగ్గుతాది. డబ్బు చాలకపోతే గేటు ఆర్చి మానుకో, సోఫాలేసిన ఆఫీసు రూము మానుకో, ఇది మాత్రం మానొద్దు. గోడ ఐదడుగులు లేపి పైన గాలికి వదిలెయ్, నవంబర్ వాన తూర్పు నించి ఏటవాలుగా కొడతాది కాబట్టి ఆ పక్క చూరు బాగా ముందుకు లాగు. వెలుతురుకని కాంట్రాక్టరు మధ్య మధ్యలో ఫైబర్ రేకులు పెడతానంటే ఒప్పుకోవద్దు, నేల మీద ఎండా నీడా చారలు పడితే గుర్రం ఠక్కున ఆగిపోతాది, పైనున్న బిడ్డ ముందుకు తూలుతాది.

షెడ్డు అయినాక గూడా మొదటి వానలకి ఖాళీ జీనుతోనే తిప్పు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో అంత మేళతాళాల మధ్య గుర్రాలు నడుస్తాయంటే అంతా అలవాటే. ఇంకోటి, డౌన్ సిండ్రోమ్ బిడ్డల్ని మెడ ఎక్స్‌రే, డాక్టరు మాట లేకుండా ఎక్కించొద్దు, ఎవరు సిఫారసు చేసినా సరే.

మీ నాయన బోరు వేయించిన పొలం తాకట్టు పెట్టినావంట, మీ యమ్మకి చెప్పకుండా. తప్పు తల్లీ. ఆమె ఏడ్చింది పొలం కోసం కాదు, నువ్వు ఒక్కదానివే మోస్తా ఉండావని. మేమంతా యాడికి పోయినాము? నా పెన్షన్‌లో దాచింది కొంచెం ఉంది, ఇన్సులేషన్‌కి పనికొస్తాది, వద్దనొద్దు.

ప్లాన్ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. చూరు కాడ ఎత్తు 14 అడుగులకి తక్కువ రాసుంటే సంతకం పెట్టొద్దు, ఆదివారం పలమనేరు నించి వస్తా, కాంట్రాక్టర్‌ని గూడా పిలిపించు.

మీ మామ