చెదల మందు కొట్టిస్తే పాకే పాపకి ప్రమాదమా?

మధురవాడలో ఫ్లాట్‌కి క్లోరిపైరిఫాస్ అనే చెదల మందు కొట్టిస్తున్నాం, పది నెలల పాప మెదడుకి హానా అని అడిగారు. తేలిగ్గా తీసుకోకండి. నరాల సంకేతాన్ని ఆపే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ ఎంజైమ్‌ను ఈ మందు అడ్డుకుంటుంది. ఈ మందుని విరిచే శక్తి పసిపిల్లల ఒంట్లో తక్కువ. కడుపులో ఉండగా ఎక్కువగా సోకిన పిల్లల్లో ఐక్యూ తగ్గినట్టు 2011లో న్యూయార్క్ అధ్యయనం చూపింది. ఒక్కసారి కొట్టిస్తేనే అలా జరుగుతుందని కాదు.

ఎండ తగలని గది మూలల్లో, దుమ్ములో మందు నెలల తరబడి ఉంటుంది. పాప చేతికి అంటుకుని నోట్లోకి వెళ్లేది అదే. అందుకే గోడల మీద స్ప్రే అసలు వద్దు, డ్రిల్ కన్నాల్లోనే పోయించి వెంటనే సిమెంటుతో మూయించండి. పాపని కొన్నాళ్లు బంధువులింట్లో ఉంచండి. ఉక్కగా ఉన్నా ఏసీ వేసి తలుపులు బిగించకుండా కిటికీలు తెరవండి. చీపురు దుమ్ము లేపుతుంది, సబ్బునీళ్ల తడిగుడ్డతోనే తుడవండి. చొంగ విపరీతంగా కారడం, కంటిపాపలు చిన్నవవడం, ఆయాసం కనిపిస్తే 108కి ఫోన్ చేసి, మందు డబ్బా వెంట తీసుకెళ్లండి.