ఒంటరి ఎలుకకి డయజిపామ్ ఇస్తే ఏమైంది

"ఒంటరిగా ఉంచిన జంతువులకి ఆందోళన మందులిస్తే ఒత్తిడి నిజంగా తగ్గుతుందా?" అని అడిగారు. భయం తగ్గుతుంది, అదీ మందు దిగేదాకే. కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నా.

ఎం.ఫార్మసీ ప్రాజెక్టులో నాకు స్విస్ ఆల్బినో ఎలుకలు వచ్చాయి. కొన్ని మగవాటిని నాలుగు వారాలు విడివిడి బోనుల్లో ఉంచాం. గుర్తు కోసం పిక్రిక్ యాసిడ్ పూస్తే ఒకదానికి నెత్తిమీద పసుపు మచ్చ పడింది. బొట్టుగాడని పిలిచేదాన్ని.

పరీక్షకి ప్లస్ ఆకారంలో ఎత్తుగా చెక్క మేజ్ ఉంటుంది. రెండు దారులకి గోడలుంటాయి, రెండింటికి ఉండవు. ఐదు నిమిషాల్లో గోడల్లేని వైపు ఎంతసేపు తిరిగిందో స్టాప్‌వాచ్‌తో చూడాలి. ఎంత ఎక్కువసేపు తిరిగితే భయం అంత తక్కువన్నమాట. మాది వడ్రంగి చేసిచ్చింది, ఓ పక్కకి ఊగేది. ఏసీ సగం రోజులు పనిచేసేది కాదు. చెమటలు కక్కుతూ ఎలుకల ఒత్తిడి కొలిచిన మమ్మల్ని ముందు కొలవాల్సింది!

మందివ్వని ఒంటరి ఎలుకలు మూలకి నక్కి పెంటికలు వేసుకుంటూ కూర్చున్నాయి. ఆందోళన తగ్గించే డయజిపామ్ ఇచ్చిన అరగంటకి బొట్టుగాడు మాత్రం చివరిదాకా నడిచి, కిందికి తొంగిచూసి, జారి నా ఒళ్ళో పడ్డాడు. గ్రాఫు మీద రెండు నక్షత్రాలొచ్చాయని, అంటే తేడా కాకతాళీయం కాదనే గుర్తు పడిందని, మా గైడ్ మురిసిపోయారు.

రెండ్రోజుల తర్వాత, తెలివితక్కువగా, వాణ్ణి ఇంకో మగ ఎలుకతో కలిపాను. నిమిషంలో దాని తోక కొరికేశాడు. ఊకంతా నెత్తురు. విడిగా ఉంచిన మగ ఎలుకలు అలా కొట్టుకుంటాయని పుస్తకాల్లో ఉన్నదే, నేనే పట్టించుకోలేదు. ఒంటరి ఎలుకల మెదడులో అల్లోప్రెగ్నెనొలోన్ అనే, మెదడుని శాంతపరిచే సహజ స్టెరాయిడ్ తగ్గుతుంది. డయజిపామ్ పట్టుకునే గాబా రిసెప్టర్ (మెదడు కణాల ఉద్రేకాన్ని తగ్గించే గ్రాహకం) మీదే అదీ పనిచేస్తుంది. పెంటోబార్బిటాల్ అనే నిద్రమందు ఇచ్చినా ఇవి గుంపులో ఉన్నవాటి కంటే తక్కువసేపే నిద్రపోతాయి. ఇక డయజిపామ్ ఒక్క డోసు ఏం సరిచేస్తుంది?

ఇదంతా ఎందుకంటే, మా పైఅంతస్తు వాళ్ళు లాబ్రడార్‌ని పొద్దస్తమానం బాల్కనీలో కట్టేసి ఆఫీసుకి పోతారు. "ఫార్మసీ చదివావు కదమ్మా, ఏదైనా బిళ్ళ చెప్పు" అన్నాడా ఇంటాయన. అమెరికాలో కుక్కల ఎడబాటు బెంగకి క్లోమిప్రమిన్ అనే మందుని 1998లో అనుమతించారు, అదీ శిక్షణతో కలిపి వాడమనే. "డాక్టర్‌ని అడగండి అంకుల్, ముందు మధ్యాహ్నం ఎవరైనా కాసేపు తిప్పే ఏర్పాటు చూడండి" అన్నాను. స్పీకరున్న కెమెరా కొన్నారు. ఇప్పుడు అందులోంచి ఆయన గొంతు వినబడగానే అది ఇంకా గట్టిగా మొరుగుతోంది.