15 కిలోలు, గ్రూప్-2, లోన్: దేన్ని ఎప్పుడు కొలవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హన్మకొండలో షోరూమ్ ఉద్యోగం, బరువు 88. ఏటా జనవరి ఒకటిన మూడు అనుకుంటారు. 15 కిలోలు తగ్గాలి, గ్రూప్-2 కొట్టాలి, పర్సనల్ లోన్ తీర్చేయాలి. శివరాత్రి నాటికి మూడూ అటకెక్కుతాయి. ఏ యాప్ పెట్టుకుంటే దారిలో పడతానని అడిగారు.

యాప్ సంగతి తర్వాత. చేతిలో లేనిదాన్ని రోజూ కొలుస్తున్నారు, చేతిలో ఉన్నదాన్ని ఎక్కడా రాసుకోవడం లేదు. నాకు కనిపించిన చిక్కు ఇదే.

రోజూ పొద్దున బరువు చూసుకుంటున్నా తగ్గట్లేదు అన్నారు కదా. రోజుకో కిలో అటూఇటూ కావడం మామూలే. రాత్రి పెళ్లిలో బగారన్నం, మటన్ తిని వస్తే ఆ ఉప్పుకు ఒంట్లో నీరు నిలిచి పొద్దున ముల్లు పైకి పోతుంది. అది కొవ్వు కాదు, రెండు మూడు రోజుల్లో దిగుతుంది. ఈలోపు మీ మనసు విరిగిపోతుంది, అదీ నష్టం.

నాకు షుగర్ బార్డర్‌లో ఉందని తెలిసినప్పుడు హెచ్‌బీఏ1సీ (రక్తంలో షుగర్ సగటు చెప్పే పరీక్ష) 6.2 ఉండె. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్ అంటారు, 6.5 నుంచి షుగర్ కిందే లెక్క. ఆ పరీక్ష చెప్పేది దాదాపు మూడు నెలల సగటు కాబట్టి వారం వారం చేయించుకుని లాభం లేదు. అందుకే ఏది ఎంత నిదానంగా కదులుతుందో దాన్ని అంత నిదానంగానే కొలవాలని పెట్టుకున్నాను. రోజూ రాసేది ఒక్కటే: నడిచానా, లేదా. బరువు ఆదివారం పొద్దుగాల, చాయ్ తాగకముందు. నడుము కొలత నెలకోసారి, టైలర్ టేపుతో (మన దేశంలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 హద్దుగా చెబుతారు). హెచ్‌బీఏ1సీ మూడు నెలలకు. మొదట్లో బరువు పెద్దగా కదల్లేదు గానీ బెల్టుకు ఇంకో రంధ్రం పొడిపించాల్సి వచ్చింది. తర్వాతి పరీక్షలో 5.9 వచ్చింది.

రాసుకునేది వంటింటి గోడ క్యాలెండర్ మీద. పాలు రాని రోజు, గ్యాస్ బండ వచ్చిన తేదీ మా ఇంట్లో దాని మీదే ఉంటాయి. నడిచిన రోజు తేదీ మీద ఒక గీత, అంతే. గీత లేకపోతే మా ఆవిడ అడుగుతుంది. ఏ యాప్‌కూ ఆ నోరు లేదు.

ఇక లక్ష్యం ఎంత ఉండాలనేది. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో నడవడమో, అలాంటిదేదో చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఐదు రోజులు అరగంట చొప్పున. భద్రకాళి బండ్ మీద చల్లటి పొద్దుట ఇది కష్టం కాదు. కానీ మే నెలలో ఏడు దాటితే మన ఎండ సంగతి మీకు తెలుసు. దసరా వారం, మాఘంలో పెళ్లిళ్లు, మేడారం జాతర ఉన్న ఏడు ఆ హడావిడి. అందుకే లక్ష్యాన్ని మంచి వారం చూసి కాదు, చెడ్డ వారం చూసి పెట్టాలి. నా కోరిక 150 నిమిషాలు. నేను తగ్గనిది మాత్రం రోజుకు పది నిమిషాలు, డాబా మీదైనా సరే. ఆ పదికీ గీత పడుతుంది.

అయినా ఒకరోజు తప్పితే? లండన్ పరిశోధకులు 96 మందిని గమనించి 2010లో అచ్చువేసిన అధ్యయనంలో ఒక అలవాటు కుదరడానికి మధ్యరకంగా 66 రోజులు పట్టింది, మనిషికీ మనిషికీ తేడా మాత్రం చాలా ఎక్కువ. మధ్యలో ఒకరోజు పోయినంత మాత్రాన పెద్ద తేడా రాలేదు. మీరు జనవరిలో ఒక్క ఆదివారం పోయిందని మొత్తం వదిలేశారంటేనే నాకు బాధనిపించింది.

మా అక్క బిడ్డ కానిస్టేబుల్ పరీక్షకు తయారైంది. 2022 నోటిఫికేషన్‌లో అమ్మాయిలకు 800 మీటర్ల పరుగు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి కావాలి. 400 మీటర్ల ట్రాక్ మీద రెండు రౌండ్లు, ఒక్కోటి 2:40. ఆమె మొదట గడియారమే చూడలేదు. ఆగకుండా రెండు రౌండ్లు పూర్తి చేయడమే పని. అది కుదిరాక కూడా స్టాప్‌వాచ్ పదిహేను రోజులకోసారే. రోజూ టైమ్ తీసుకున్న స్నేహితురాళ్లు కొందరు కాళ్ల నొప్పులతో కూలబడ్డారు. హద్దు ముందే తెలిసిన లక్ష్యం సుఖం, ఎంత దూరమో లెక్క కట్టుకోవచ్చు.

గ్రూప్-2 అట్లా కాదు. 2022 డిసెంబర్‌లో వచ్చిన నోటిఫికేషన్‌కు పరీక్ష జరిగింది 2024 డిసెంబర్‌లో. తేదీ మీ చేతిలో లేదు, పోస్టు అసలే లేదు. పది నుంచి రాత్రి తొమ్మిది దాకా షోరూమ్‌లో నిలబడే మనిషికి రోజుకు గంట చదువు దొరికితే అదే ఎక్కువ. ఆ గంటకు ఇంకో రంగు గీత పెట్టుకోండి.

15 కిలోలంటే వారానికి అర కిలో చొప్పున చూసినా 30 వారాలు, పండగలు కలుపుకుంటే ఏడాది. ముందు బరువులో 5 శాతం, అంటే నాలుగున్నర కిలోలు చూసుకోండి. అంత తగ్గినా బీపీ, షుగర్లలో తేడా కనిపిస్తుందని డాక్టర్లు అంటారు. మందులు వాడుతుంటే మొదలుపెట్టేముందు వాళ్లను అడగండి.

లోన్‌కు రోజువారీ లెక్క అక్కర్లేదు. జీతం పడ్డ మర్నాడే కొంత కోత పడేలా రికరింగ్ డిపాజిట్ పెట్టేసి, ఏడాదికోసారి ఆ డబ్బు అసలుకు కట్టండి. ముందే కడితే ఛార్జీ ఎంతో బ్యాంకులో కనుక్కోండి. మూడింటిలో ఈ వారమే అయిపోయే పని ఇదే, దీంతోనే మొదలుపెట్టండి.

యాప్ అంటారా, ఫోన్‌లో ఉన్న అడుగుల లెక్క చాలు, డబ్బు పెట్టి ఏదీ కొనకండి. మీ వీక్లీ ఆఫ్ ఏ రోజో కింద రాస్తే, బరువు చూసుకునే రోజు, పెద్ద నడక రోజు ఎలా సర్దుకోవచ్చో చెబుతాను.